మావ పెట్టించిన మంచి రోజు

గిరిబాబు భయస్తుడన్న సంగతి చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో అందరికీ తెలుసు. అతనికీ తెలుసు. బేరం రాకపోతే భయం, వస్తే ఇంకా భయం. బాగుచేసి పంపిన టీవీ మళ్లీ తిరిగొస్తుందేమోనని వీధి చివర ఆటో కనబడితే చాలు, గుండె గుభేలుమంటుంది. అలాగని పనిలో తక్కువవాడా అంటే, కానే కాదు. తండ్రి రేడియోలు బాగుచేసిన కొట్లోనే పెరిగాడు. మొదట్లో పాటల క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చాడు, తర్వాత టీవీలు, తర్వాత సెల్‌ఫోన్లు, ఇప్పుడు కంప్యూటర్లు. కాలం ఏ పెట్టె తెచ్చి ముందు పెడితే ఆ పెట్టె మూత విప్పి చూసుకుని నేర్చుకున్నాడు. చేతిలో పని ఉంది, నోట్లోనే మాట లేదు. ఏం చేస్తాం.

ఆ భయాలన్నిట్లోకీ పెద్ద భయం మావ జగన్నాధం. ఆయనది గరివిడి అవతల గెడ్డవలస. వరి, గోగు, నువ్వు పండించే రైతు. ఊళ్లో తగువొస్తే ఆయన నోటంట వచ్చిందే తీర్పు. పంచాంగం చూడందే అరక కట్టడు, గడప దాటడు, ఆఖరికి కొత్త చీపురు కూడా కొననివ్వడు. పెళ్లైన కొత్తలో గిరిబాబు అత్తారింటికి వెళ్తే, వీధరుగు మీద పదిమందిలో కూర్చోబెట్టి, "ఏటి అల్లుడూ, ఆ రేడియోలు బాగుసేసుకుంటే బతుకెల్లిపోతాదేటి?" అని అడిగాడు. "ఎల్లిపోతాది మావా" అందామని నోరు తెరిచిన గిరిబాబు "సరే మావా" అన్నాడు. అరుగంతా నవ్వింది. అదిగో, ఆ రోజు మొదలు ఆయన ఏమన్నా అతని నోటికి వచ్చేవి ఆ రెండు మాటలే. పండక్కి రమ్మంటే సరే మావా, వచ్చినవాణ్ణి అప్పుడే ఎందుకొచ్చావంటే సరే మావా.

జగన్నాధం కూడా అల్లుడిని అల్లుడని ఎదురుగా పిలవడమే గాని, బయట చెప్పుకోడానికి మాత్రం "మా సుహాసిని పెనిమిటి" అనేవాడు. 'మా అల్లుడు' అని నలుగురిలో అన్న పాపాన పోలేదు. గిరిబాబు పైకి అనకపోయినా ఆ ముల్లు లోపల అలాగే ఉంది.

అలాంటిది, ఓ సాయంత్రం సుహాసిని కొట్టుకి వచ్చి, మొహం చాటంత చేసుకుని చెప్పింది. "బావా, మా నాన్న నిన్ను 'మా అల్లుడు' అన్నాడంట. బడి వరండాలో, అందరి ముందట!"

జరిగింది ఇదీ. గెడ్డవలస హైస్కూల్లో చదువుకుని విశాఖలో వ్యాపారం పెట్టి పైకొచ్చిన ధనరాజ్, తన ఆఫీసులో కొత్త కంప్యూటర్లు కొనుక్కుని, పాతవి అయిదు బడికి ఇస్తానన్నాడు. పాతవే గాని గట్టివి. కొత్త విండోస్‌ని మొయ్యలేవు గాని లినక్స్ అనే తేలికపాటి సిస్టమ్ ఎక్కిస్తే చక్కగా నడుస్తాయి. "మా వైజాగ్ కుర్రాళ్లొచ్చి ఎక్కించి పోతారు" అని ధనరాజ్ అన్నాడు. జగన్నాధం కండువా దులిపి భుజాన వేసుకుని, "వైజాగు కుర్రోళ్లెందుకు? మా అల్లుడు సేస్తాడు" అన్నాడు. ధనరాజ్ కాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. "సరే పెదనాన్నా. ప్రారంభం రోజుకి పనిచేస్తే మీ బళ్లోనే ఉంచండి. చెయ్యకపోతే మాత్రం ఏమనుకోవద్దు, ఆ రోజే వ్యానెక్కించి వేరే బడికి ఇచ్చేస్తాను. ముసుగేసి దాచుకోడానికి కాదు కదా" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు.

ఇంకెవడైనా అయితే ఆ మాట విని పొంగిపోయేవాడు. గిరిబాబుకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

పెట్టెలు వచ్చి జగన్నాధం ఇంటి చావట్లో దిగేసరికి మూఢం నడుస్తోంది. శుక్రుడు కనబడని ఆ రోజుల్లో పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త పని ఏదీ ఎవరూ తలపెట్టరు. ప్రారంభం ఎలాగూ మూఢం వెళ్లాకే పెట్టుకున్నారు, కానీ సిస్టమ్ ఎక్కించే పని ముందే చేసుకోకపోతే అందదు. గిరిబాబు పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చున్నాడో లేదో, జగన్నాధం గుమ్మంలో నిలబడ్డాడు.

"మూఢంలో కొత్త యంత్రం ఎలిగిస్తావేటి అల్లుడూ?"

"ప్రారంభం మూఢం ఎల్లాకే కదా మావా..."

"ఎలిగించడం ఇప్పుడే కదా?" ఆయన లోపలికొచ్చి ఒక పెట్టె మీద చెయ్యి వేశాడు. "దీనికి తేదీ ఎవులు సెప్తారు?"

"మనమే మావా. మొదట్లో మనం పెట్టిందే."

"మరింకేటి! మంచి రోజు సెప్పు దానికి." పంచాంగం తీయించాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు, మూఢం రాకముందటి పేజీకి తిప్పి వేలు పెట్టాడు. "ఇదిగో, దశమి, గురువారం. ఈ రోజెట్టు. మళ్లీ దానికదే మారిపోతాదేటో, మారిపోకుండా సెయ్."

తేదీ తప్పు పెట్టకూడదని గిరిబాబుకి తెలుసు. ఎందుకు పెట్టకూడదో కూడా ఎక్కడో లీలగా తెలుసు. ఆ తెలిసింది గొంతుదాకా వచ్చింది. నోరు మాత్రం దాని పని అది చేసేసింది. "సరే మావా."

అయిదు పెట్టెలకీ దశమి పెట్టాడు. నెట్ తగిలినా మారకుండా ఆ మీట కూడా నొక్కేశాడు. గంట మాత్రం సరిగ్గానే ఉంచాడు. అత్త గున్నమ్మ పెట్టెలకి పసుపు రాసి బొట్టు పెట్టింది, కొబ్బరికాయ కొట్టారు, తలో గిన్నెడు పరమాన్నం తిన్నారు. సిస్టమ్ ఏ పేచీ లేకుండా ఎక్కింది. "సూసినావా, రోజు మంచిదైతే పని అలగ నడుస్తాది" అన్నాడు జగన్నాధం. ఆ పసుపూ కుంకుమా కొబ్బరికాయలతో పాటు తేదీ సంగతి కూడా గిరిబాబు మనసులోంచి జారిపోయింది.

ఇక్కడొక చిన్న మాట చెప్పుకోవాలి. సిస్టమ్ ఎక్కించడం ఇల్లు కట్టడం లాంటిదైతే, ప్యాకేజీలు ఎక్కించడం ఇంట్లోకి సామాను తెచ్చుకోవడం. ఆ సామాను నెట్‌లో ఉండే పెద్ద కొట్టు నుంచి రావాలి. ఒకటి కావాలంటే దానికి తోడు ఇంకో నాలుగు ఉంటేనే వస్తానంటుంది, ఆ నాలుగింట్లో ఒకటి అలిగితే మొత్తం అన్నీ ఆగిపోతాయి. అచ్చం పెళ్లికి పిలిచిన చుట్టాలే. బడికి కావలసిన తెలుగు టైపింగూ, లెక్కల ఆటలూ, ప్రింటరుని నడిపేదీ అన్నీ అలా రావలసినవే. బడికి నెట్ వచ్చింది ప్రారంభానికి ముందురోజు సాయంత్రం. పెట్టెల్ని బడి గదిలో సర్ది, చేతులు కట్టుకుని అంతదాకా ఆగక తప్పలేదు.

ప్రారంభం రోజు పొద్దున్నే గిరిబాబు బండేసుకుని బడికి చేరాడు. అప్పటికే టెంటు వేస్తున్నారు. మైకు అతను "హలో హలో" అంటున్నాడు. హెడ్మిస్ట్రెస్ ఝాన్సీ మేడమ్ కంప్యూటర్ గది తలుపుకి రిబ్బను ఒక కొసనే కట్టించి, కత్తెర పళ్లెంలో పెట్టించి, కార్యక్రమం వివరంగా చెప్పింది. ధనరాజ్ గారు రిబ్బను కత్తిరిస్తారు, తొమ్మిదో తరగతి పిల్ల అమ్మడు కంప్యూటర్ మీద బడి పేరు తెలుగులో టైపు చేసి, ప్రింటు తీసి, ఆయన చేతిలో పెడుతుంది. "అంతే గిరిబాబు గారూ, పెద్ద పనేం కాదు" అంది. అతను తలూపి గదిలోకి నడిచాడు.

మొదటి పెట్టెలో తెలుగు టైపింగ్ అడిగాడు. కాసేపు వరుసలు గబగబా పరిగెత్తి, చివర్న ఒక మాట తేలింది. అలాంటి ప్యాకేజీ ఎక్కడా లేదట. లేకపోవడమేంటి? తన కొట్లో ఎన్నో పెట్టెల్లో ఎక్కించాడు. పేరు తప్పు కొట్టానేమోనని అక్షరం అక్షరం చూసి మళ్లీ కొట్టాడు. లేదు. ప్రింటరుది అడిగాడు. దానికి కావలసిన తోడు సామాను దొరకలేదని ఎర్రర్. సరే, ముందు కొట్టు జాబితా తెప్పిద్దామని అప్‌డేట్ కొట్టాడు. జాబితా తేలేకపోయానంది. రెండో పెట్టె దగ్గరికి వెళ్లాడు. అదే పాట. మూడోది కూడా అదే.

ఒకటి చెడితే పెట్టెది తప్పు. అన్నీ చెడితే, చేసినవాడిది తప్పు. గిరిబాబుకి నడినెత్తి మీద సన్నగా చెమట పట్టింది.

కంగారు మనిషి చేత చెయ్యించే పనులు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాయి. ఫోన్లో వెతికాడు. ఎవరో ఏదో రాశారు, అది చేశాడు. ఇంకెవరో ఇంకోటి రాశారు, అదీ చేశాడు. ఇంతలో నాలుగో పెట్టె, లోపల ఇంకో పని నడుస్తోంది, తాళం పడి ఉంది, ఆగమంది. ఆగే ఓపిక ఎక్కడిది? ఆ నడిచే పనిని పీక పట్టుకుని ఆపేశాడు. దాంతో సగం ఎక్కిన సామాను సగంలోనే ఉండిపోయి, ఆ పెట్టె ఇంకా మొండికేసింది. దాన్ని బుజ్జగించి దారిలో పెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. దారిలో పడి అది చెప్పింది మాత్రం మళ్లీ పాత మాటే.

విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబ్ చూసుకునే నాగబాబు అతని స్నేహితుడు. ఫోన్ చేశాడు.

"నెట్టున్నాదా?" అన్నాడు నాగబాబు.

"ఉన్నాది. ఫోన్లో అదే నెట్టు నడుస్తన్నాది."

"తాళం పడిందేటో సూడు."

"సూసినాను. తీసినాను."

"సామాను ఇచ్చే కొట్టు అడ్రసు మార్చి సూడు. ఇక్కడిది కాకపోతే ఇంకో దేశందెట్టు."

"ఎట్టినాను. రావట్లేదురా."

"ఒరే, ఎక్కించినప్పుడు ఏటైనా మార్చినావా? బాగా గుర్తుసేసుకో. ఉన్నదున్నట్టు ఒగ్గీకుండా నీ సేత్తో ఏదైనా కెలికినావా?"

"ఏటీ మార్చలేదురా. అమ్మతోడు."

అబద్ధం కాదు పాపం. ఏం మార్చావని అడిగితే పసుపు రాశాను, బొట్టు పెట్టాను అని ఎవడైనా చెబుతాడా? గిరిబాబు లెక్కలో ఆ దశమి కూడా బొట్టే. నాగబాబు మాత్రం ఏం చేస్తాడు, కంప్యూటర్‌కి మూఢం తగలకుండా తేదీ వెనక్కి జరిపి ఉంటాడని ఎవడు ఊహిస్తాడు. "మరైతే మళ్లీ మొదట్నించి ఎక్కించడమేరా" అని పెట్టేశాడు. అంత టైము లేదని గిరిబాబు గోడకి చెప్పుకున్నాడు.

గున్నమ్మ రాగిపిండితో కాచిన చోడి అంబలి చెంబూ, ఉల్లిపాయా, పచ్చిమిరపకాయా పట్టుకొచ్చింది. అల్లుడి మొహం చూసి చెంబు కింద పెట్టేసింది. "ఓలమ్మా, ముకం అలగయిపోనాదేటి బావూ! దిష్టి గాని తగల్లేదు కదా?" ఒక గుక్క తాగాడు, గొంతు దిగలేదు. సుహాసిని ఫోన్ చేసి అయిపోయిందా అని అడిగింది. "అవుతాది" అన్నాడు. "నీ గొంతు నాకు తెల్దేటి, ఏటైనాది?" అంది. "ఏటీ లేదు" అని పెట్టేశాడు. ఝాన్సీ మేడమ్ రెండుసార్లు తొంగిచూసి, మూడోసారి లోపలికే వచ్చేసింది.

"గిరిబాబు గారూ, అవుతుందా అవదా, ఒక్క మాట చెప్పండి. అవదంటే అమ్మడు చేత పాట పాడించి సర్దుకుంటాను."

"అవుతాది మేడమ్" అన్నాడు. కాదు అనడం అతనికి ఎవరి దగ్గరా రాదు.

కిటికీలోంచి ధనరాజ్ కారు కనబడింది. దాని వెనకాలే ఖాళీ వ్యాను. వ్యాను వచ్చి వేపచెట్టు నీడలో ఆగింది, డ్రైవరు వెనక తలుపు తెరిచిపెట్టి బీడీ ముట్టించాడు. ఆ తెరిచిన తలుపు చూడగానే గిరిబాబు జేబులో చెయ్యి పెట్టాడు. బండి తాళం చేతికి తగిలింది. వెనక గోడ చిన్నదే. గోడ దూకి, బండెక్కి, చీపురుపల్లి పోయి, కొట్టు షట్టరు దించుకుని లోపల కూర్చుంటే? తర్వాత సుహాసిని మొహం ఎలా చూడాలి? ఆ ముసలాయన ఈ ఊళ్లో తలెత్తుకుని ఎలా తిరుగుతాడు? పెళ్లైన ఇన్నేళ్లకి ఆయన ఒకే ఒక్కసారి 'మా అల్లుడు' అన్నాడు, ఆ ఒక్క మాట మీద ఇవాళ్టితో మన్ను పడుతుంది. తాళం వదిలేసి అప్‌డేట్ మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

అప్పుడు వచ్చారు ఇద్దరూ, జగన్నాధమూ ధనరాజూ. జగన్నాధం ఉతికిన పంచె కట్టి, జరీ కండువా వేసి, పెళ్లివారింట్లో పెత్తందారులా ఉన్నాడు.

"ఏం బ్రదర్, రెడీయేనా?" అన్నాడు ధనరాజ్. తెరల మీద వరసగా నిలబడ్డ ఎర్రర్లు చూశాడు. కిటికీలోంచి వ్యానువైపు ఓ చూపు వేశాడు. ఆ చూపు గిరిబాబుకి గుచ్చుకుంది.

జగన్నాధం నవ్వాడు. "నువ్వేటీ కంగారు పడకు ధనరాజూ. మూఢం గాలి తగలకుండా దశమి గురువారం నాడు మొదలెట్టినట్టు నాను ఎట్టించినాను. ఈ పెట్టెల్లో ఈయాల్టికీ ఆ మంచి రోజుల లెక్కే నడుస్తన్నాది. అలగ మొదలెట్టిన పని సెడదు. అల్లుడూ, ధనరాజుకి ఆ తేదీ సూపించు."

గిరిబాబు చేతులు ఆగిపోయాయి.

తెర మూలన గంట ఒక్కటే కనబడుతోంది, అది సరిగ్గానే ఉంది. అందుకే పొద్దుట్నించీ వందసార్లు చూసినా అనుమానం రాలేదు. ఎర్రర్ వరుసల్ని మెల్లిగా పైకి జరిపాడు. ఇంతసేపూ అతను చదివింది చివరి వరుసే. కంగారులో ఎవడైనా చదివేది చివరి వరుసే. పైన, మొట్టమొదట్లోనే, పెట్టె పొద్దుట్నించీ నోరు నెప్పెట్టేలా చెబుతూనే ఉంది: ఈ జాబితా చెల్లుబాటు అయ్యే రోజు ఇంకా రాలేదు, రావడానికి ఇంకా ఇన్నాళ్లు ఉంది. కొట్టువాడు ఇవాళ్టి తేదీ వేసి సామాను పంపుతుంటే, దశమి నుంచి లెక్క మొదలెట్టి ఇంకా వెనకే ఉన్న పెట్టె, ఇంకా పుట్టని సరుకు నాకెలా ఇస్తావు, ఇది దొంగ సరుకని గుమ్మంలోనే ఆపేస్తోంది. పెట్టెది తప్పు కాదు, నెట్‌ది తప్పు కాదు. హమ్మయ్య అని అతని ఒళ్లంతా ఒక్కసారి తేలికైపోయింది. ఆ మరుక్షణమే రాయి మోస్తున్నట్టు బరువెక్కింది. ఎందుకంటే మావ పక్కనే నిలబడి, ఆ తేదీని ధనరాజ్‌కి చూపించమంటున్నాడు. గుట్టుచప్పుడు కాకుండా మార్చేద్దామంటే ఎలా? అలాగని ఈ ఎర్రర్లన్నిటికీ మీ మంచి రోజే కారణమని జగన్నాధంతో ఎవడు చెబుతాడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బయట మైకు అతను ముఖ్య అతిథిని వేదిక మీదకి పిలిచాడు.

"మావా, ఒక్కసారి ఇలగ రండి" అన్నాడు గిరిబాబు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

వరండా మూలకి తీసుకెళ్లాడు. ఆయన కళ్లలోకి చూడలేక, కండువా జరీ అంచు చూస్తూ చెప్పాడు. "పెట్టెలు సామాను తీసుకోవట్లేదు మావా. తేదీ వల్లే. దశమి తీసేసి ఈ రోజు తేదీ ఎట్టాల. ఎట్టకపోతే ఏటీ ఎక్కదు."

జగన్నాధం మొహంలో నెత్తురు పొంగి, మళ్లీ దిగింది. తిడతాడనుకుని గిరిబాబు తల వంచుకున్నాడు.

"అంటే నా వల్ల?"

గిరిబాబు నోరు అలవాటు ప్రకారం కాదు మావా అనబోయింది. పళ్లు బిగపట్టి ఆపాడు. "అవును మావా."

"తేదీ మారిస్తే ఇలగవుతాదని నీకు ఆయాల తెల్దేటి?"

"కొంచెం తెలుసు."

"తెలిసీ, నాను సెప్తే ఎందుకిన్నావు?"

"మీరు సెప్పారు కదా మావా."

"నాను సెప్తే!" జగన్నాధం గొంతు పెరిగింది, వెంటనే చుట్టూ చూసి తగ్గించాడు. "నా పొలంలోకి నువ్వొచ్చి, ఇప్పుడు నారుమడిలో ఆకు తియ్యకు మావా అంటే నాను ఇంటానేటి? పొమ్మంటాను. నా పని నాకు తెలుసు. నీ పని నీకు తెల్దేటి? మా అల్లుడు సేస్తాడని ఊరందరి ముందట సెప్పినాను నాను. నాను సెప్పినట్టు సేస్తాడని సెప్పలేదు."

గిరిబాబు తలెత్తాడు. ఆ మనిషి కళ్లలో కోపం ఉంది, కానీ అతను ఇన్నేళ్లూ భయపడుతూ వచ్చిన కోపం అది కాదు. ఎవరిదో బిడ్డ కాదు, తన బిడ్డే పరీక్షలో తెలిసిన లెక్క తప్పు చేసొస్తే తండ్రికి వచ్చే కోపం.

"ఎంతసేపు పడతాది?" అన్నాడు జగన్నాధం.

"అరగంట. ఇంకొంచెం పట్టొచ్చు."

"ఎల్లు. మైకు నాను సూసుకుంటాను."

గిరిబాబు గదిలోకి పరిగెత్తాడు. ఒక్కొక్క పెట్టెకీ దశమి తీసేసి ఇవాళ్టి తేదీ పెట్టాడు, ఇంకెప్పుడూ దానంతటదే సర్దుకునేలా మీట మళ్లీ నొక్కాడు. మొదటి పెట్టెలో అప్‌డేట్ కొట్టి ఊపిరి బిగపట్టాడు. వరుసలు పరిగెత్తాయి. ఈసారి పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటీ చదివాడు. ఎక్కడా అడ్డం లేదు. సామాను దిగడం మొదలైంది, అదీ నత్తనడకన. ఊరి నెట్ కదా. గీత మెల్లిగా జరుగుతుంటే అతను దాన్ని కళ్లతోనే తోస్తున్నాడు. మధ్యలో కరెంటు రెప్ప వేసినట్టు ఒకసారి పోయి వచ్చింది. ఝాన్సీ మేడమ్ ఇన్వర్టర్ పెట్టించి ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే గిరిబాబు గుండె అక్కడే ఆగేది.

బయట మైకులో జగన్నాధం గొంతు. ఆయన ఎప్పుడూ మైకు పట్టింది లేదు. మైకు అక్కర్లేని గొంతు.

"అందరికీ నమస్కారం. కంపూట్రీలు ఇంకా లెగలేదు. ఎందుకు లెగలేదో నాను సెప్తాను, ఇంకెవులో సెప్పకముందే." గిరిబాబు చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. "మూఢంలో ఎలిగించకూడదని వాటికి దొంగ తేదీ నానే ఎట్టించినాను. పాపం మా అల్లుడు నా మాట కాదనలేక ఎట్టినాడు. ఈయాల అవి మొరాయించినాయి. యంత్రానికి అబద్ధం సెప్పకూడదని నాకు ఇప్పుడే తెలిసింది. తప్పు నాది, పని మా అల్లుడిది. అతగాడు సేస్తన్నాడు. అందాకా ఈ బడి ఎలగ కట్టినామో సెప్తాను, కూకోండి."

ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో నవ్వారు. ఆ తర్వాత జగన్నాధం బడి పునాది దగ్గర మొదలెట్టి, ఇటుకలు, సున్నం, మేస్త్రీల తగువులు, ఆ ఏడు వచ్చిన తుపాను, ఒక్కటీ వదలకుండా చెప్పుకుపోయాడు. జనం ఆవులించారు. ధనరాజ్ వాచీ చూసుకున్నాడు. లోపల గిరిబాబుకి తెర మసకమసకగా కనబడుతోంది. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, రెండో పెట్టె దగ్గరికి జరిగాడు.

ఎలాగైతేనేం, అయ్యాయి. ధనరాజ్ రిబ్బను కత్తిరించాడు. అమ్మడు కుర్చీలో బొమ్మలా కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ బడి పేరు తెలుగులో కొట్టింది. ప్రింటరు కాసేపు గురగురలాడి కాగితం బయటికి తోసింది. ధనరాజ్ ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, కిటికీలోంచి డ్రైవరుకి చెయ్యి ఊపాడు. డ్రైవరు వ్యాను తలుపు మూసేశాడు. ఆ చప్పుడు విన్నాక గిరిబాబు అంబలి చెంబు ఎత్తి, అడుగుదాకా తాగేశాడు.

సాయంత్రం టెంటు విప్పేస్తున్నారు. ఝాన్సీ మేడమ్ గది తాళం పట్టుకుని నిలబడింది. ఊరి పెద్దలు నలుగురైదుగురు గుమ్మం దగ్గర చేరారు. గున్నమ్మ హారతి పళ్లెం తెచ్చి పెట్టెలకి దిష్టి తీసింది. జగన్నాధం లోపలికొచ్చి, వెలుగుతున్న తెరల్ని తృప్తిగా చూసుకున్నాడు.

"మేడమ్, ఈ రాత్రికి ఇవి ఆపకండి. మొదటి రోజు ఎలిగించిన దీపం తెల్లార్లూ ఉండాల. శుక్రవారం కూడాను, కొత్తవి ఆపకూడదు. ఏటి అల్లుడూ?"

"సరే మా..."

గిరిబాబు సగంలో ఆగాడు. బయట ఈశాన్యంలో మబ్బు పట్టి ఉంది. నెర్రెలు తీసిన పాత వైర్లు, పొద్దున్న రెప్ప వేసిన కరెంటు, అన్నీ కళ్ల ముందు మెదిలాయి. అందరూ తనవైపే చూస్తున్నారు. గున్నమ్మ కూడా హారతి పళ్లెం పట్టుకుని చూస్తోంది.

"వద్దు మావా" అన్నాడు.

గుమ్మంలో పెద్దలు జగన్నాధం వైపు తిరిగారు.

"వానొస్తాది. కరెంటు వస్తాది పోతాది. పిడుగు పడితే పెట్టెలు మాడిపోతాయి. ఆపెయ్యాల. తీగలు కూడా పీకెయ్యాల." ఒక్కొక్క మాటా పంటి కింద రాయిలా పడింది గాని, ఆపకుండా చెప్పేశాడు.

జగన్నాధం అల్లుడి మొహంలోకి చూశాడు. ఆ తర్వాత గుమ్మం దగ్గరున్న పెద్దల వైపు తిరిగి, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇన్నారా? మా అల్లుడు వద్దంటన్నాడు. ఆపీండి."